నిండుకున్న గోరింట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరు మాత్రం అడక్కు, మా అమ్మమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఒక గోరింట చెట్టు ఉండేది. చెట్టంటే మరీ పెద్ద చెట్టేం కాదు. పొద. మన పెరటి గోడంత ఎత్తుంటుందేమో. ఆ పొద వెనకాల ఒక తాటాకు ఇల్లు. ఆ ఇంట్లో మంగతాయారు అని ఒకావిడ. కాళ్ళు అలా తన్నకుండా విను బంగారం, నా నడుం ఇప్పటికే అంతంతమాత్రంగా ఉంది. ఈ కథంతా అలిసిపోయినవాళ్ళదే. వింటూ వింటూ నిద్రొస్తే పడుకో, నేనేం అనుకోను.

మంగతాయారుకి మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ ఇల్లు, ఇంటి వెనక గుమ్మడిపాదు, దోసపాదు, ఇంటి ముందు గోరింట. పాదులు కాస్తే తను తినేది, ఇరుగుపొరుగుకి పెట్టేది, మిగిలినవి గంపకెత్తుకుని సంతకి పోయేది. అదే ఆవిడ బతుకుతెరువు.

ఆ ఊరి నేల చౌడు నేల. మామిడి పెడితే మాడిపోయేది. మల్లె పెడితే ఎండిపోయేది. సంపెంగ సంగతి సరేసరి. పాదులు పోగా మొండిగా బతికింది గోరింట ఒక్కటే. ఊళ్ళో ఇంకా ఒకటి రెండు గోరింట పొదలుండేవి గానీ, మంగతాయారు గోరింట పండినంత ఎర్రగా ఇంకేదీ పండేది కాదు.

అందుకని ఎవరింట్లో పెళ్ళయినా మంగతాయారు గుమ్మం ముందుకి బుట్ట వచ్చేది. ఎవరింట్లో సీమంతమైనా బుట్ట వచ్చేది. అట్లతద్ది వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. పోనీ ఆకు దూసుకుని వెళ్ళిపోతారా అంటే అదీ లేదు. "నువ్వు రుబ్బితేనే పండుతుంది మంగతాయారూ" అని ఆవిణ్ణే రోటి ముందు కూర్చోబెట్టేవారు. ఆ మాట పొగడ్తో, పని చెప్పడమో ఆవిడకి ఎప్పుడూ అర్థం కాలేదు. చింతపండు వేసి, వక్క చిదిపి వేసి, మెత్తగా వెన్నలా వచ్చేదాకా రుబ్బేది. భుజాలు లాగేసేవి.

రుబ్బి రుబ్బి ఆవిడ కుడిచెయ్యి ఎప్పుడూ మరకలు మరకలుగా ఎర్రగానే ఉండేది. కానీ అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు, నేను నీకు పెడతానే, అలా మాత్రం ఆవిడ చేతికి ఎవరూ పెట్టలేదు. పెట్టుకోవాలంటే చేతులు చాపుకుని కదలకుండా కూర్చోవాలి కదా. ఆకలేస్తే ఎవరో ఒకళ్ళు అన్నం కలిపి నోట్లో పెట్టాలి కదా. ఆవిడకి కూర్చునే తీరికా లేదు, ముద్ద పెట్టే మనిషీ లేదు.

ఇక ఆ గోరింట సంగతి చెప్తాను. అది మంగతాయారు కన్నా అలిసిపోయింది. శివరాత్రి వెళ్ళి చలి తగ్గిందంటే చాలు, దానికి బుజ్జి బుజ్జి చిగుళ్ళు వచ్చేవి. ఆ చిగుళ్ళ చివరే పూత రావాలి. సరిగ్గా అప్పుడే ఊళ్ళో పెళ్ళిళ్ళు మొదలయ్యేవి. లేతాకు బాగా పండుతుందని చిగుళ్ళన్నీ దూసేసేవారు. అది మళ్ళీ చిగురు వేసేది, వీళ్ళు మళ్ళీ దూసేవారు. ఏళ్ళ తరబడి ఇదే వరస. గోరింటకి పువ్వు ఉంటుందన్న సంగతే ఆ ఊరి పిల్లలకి తెలీదు. నువ్వు చూశావా? బియ్యపు నూకంత పూలు, గుత్తులు గుత్తులుగా పూస్తాయి. వాసన వీధి చివరిదాకా వస్తుంది.

అలా ఉండగా, మంగతాయారు పాదులు కాయడం మానేశాయి. పువ్వు పూసేది. పిందె తొడిగేది. గోలీకాయంత అయ్యేసరికి పసుపుపచ్చగా మారి టప్పున రాలిపోయేది. అప్పుడు ఆవిడ పెంటపోగు నుంచి ఎరువు మోసుకొచ్చి వేసింది. పిందెలు రాలాయి. ఆ తర్వాత పొయ్యిలో బూడిద చల్లింది. పిందెలు రాలాయి. ఆ తర్వాత ఎవరి దిష్టో తగిలిందని పందిరికి పాత చెప్పు కట్టింది. చెప్పు ఊగుతూనే ఉంది, పిందెలు రాలుతూనే ఉన్నాయి.

ఏటి అవతల ఊళ్ళో ఆవిడ అన్నగారు ఉన్నాడు. ఒకనాడు ఆయన వచ్చి పాదులు చూసి, "ఈ ఏడు కూడా కాయకపోతే ఇంటికి తాళం పెట్టేసి మా ఇంటికి వచ్చెయ్యమ్మా. మీ వదినకి చేదోడుగా ఉంటావు" అన్నాడు. మంచివాడే, చెల్లెలి మీద ప్రేమతోనే అన్నాడు. కానీ చేదోడంటే ఏమిటో మంగతాయారుకి తెలుసు. అక్కడా ఒక రోలుంటుంది. ఇక్కడైతే ఒళ్ళు హూనమైనప్పుడు తన గుమ్మంలో తను కూలబడొచ్చు. అక్కడ ఆ గుమ్మం కూడా తనది కాదు. ఈ ఏడు పాదు కాయకపోతే ఇల్లు వదలాలి. ఆవిడ మనసులో ఆ దిగులే.

అదుగో, ఆ ఏడు ఫాల్గుణమాసంలో ఒక తమాషా జరిగింది.

మొదటి చిగురంతా ఎవరో దూసుకుపోయారు. పొద పుల్లలు పుల్లలుగా మిగిలింది. అప్పుడు ఇంకో ఆవిడ బుట్ట పట్టుకుని వచ్చింది. ఆకు లేదు. కానీ లేదని ఎలా చెప్పడం? మన ఇంట్లో డబ్బాలో బియ్యం అయిపోతే నేనేమంటాను? లేవు అంటానా? నిండుకున్నాయి అంటాను. పసుపు అయిపోతే నిండుకుంది అంటాను. శుభమైనవాటిని పట్టుకుని లేవు, అయిపోయాయి అనకూడదని పెద్దవాళ్ళు అలా అలవాటు చేశారు. అందుకని మంగతాయారు తడిక దగ్గర నిలబడి, "మా గోరింట నిండుకుందమ్మా" అంది. వచ్చినావిడకి అర్థమై ఖాళీ బుట్టతో వెళ్ళిపోయింది.

కానీ ఆ మాట ఇంకొకళ్ళు కూడా విన్నారు.

మంగతాయారు ఇంటి చూరు వాసంలో కన్నం చేసుకుని ఒక నల్ల తుమ్మెద ఉండేది. పాపం దానికీ సుఖం లేదు. ఊళ్ళో నాలుగు పాదుల పూలు తప్ప వేరే పువ్వే లేకపాయె. రోజూ ఏరు దాటి అడవికి పోయి, అక్కడ తిని, మళ్ళీ ఏరు దాటి వచ్చేది. వచ్చేసరికి రెక్కలు వేలాడిపోయేవి. అది వాసంలో పడుకుని "గోరింట నిండుకుంది" అన్న మాట విన్నది. తుమ్మెదకి మన మర్యాదలేం తెలుసు? ఒంటినిండా పూలతో నిండిపోయిందని అనుకుంది. దాని ఆనందం ఏం చెప్పను! అలిసిన రెక్కలతోనే మళ్ళీ లేచి అడవికి పోయింది. తేనెటీగలకి చెప్పింది, సీతాకోకచిలుకలకి చెప్పింది, పేరు తెలియని చిన్న చిన్న పురుగులకి కూడా చెప్పింది. "మా ఇంటావిడే స్వయంగా చెప్పింది, గోరింట నిండుకుందట, రండి" అని పిలిచింది.

తెల్లారి మంగతాయారు వాకిలి ఊడుస్తుంటే జుమ్మని చప్పుడు. తలెత్తి చూస్తే ఆకాశంలోంచి మబ్బు దిగినట్టు తేనెటీగలు. వాటి వెనక పచ్చ పచ్చని సీతాకోకచిలుకలు. అన్నీ వచ్చి ఆ ఎండుపుల్లల చుట్టూ తిరిగాయి. తిరిగి తిరిగి, ఏమీ దొరక్క, ముళ్ళ మీదే కూర్చున్నాయి. తుమ్మెదకి తల కొట్టేసినట్టయింది. నేరుగా మంగతాయారు దగ్గరికి వచ్చింది. ఆ రోజుల్లో తుమ్మెదలు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయి, వినడానికి మనకే తీరిక లేదు.

"ఏమమ్మా, నిండుకుందన్నావు!" అంది.

"అయిపోయిందని అర్థం నాయనా."

"అయిపోతే అయిపోయిందనాలి గానీ, నిండుకుందంటావా?"

"మాలో అలాగే అంటారు."

"మాలో నిండితేనే నిండిందంటారు" అని తుమ్మెద మొహం ముడుచుకుంది.

మంగతాయారు ఆ ఈగల వంక చూసింది. రెక్కలు వాల్చి ఎలా కూర్చున్నాయంటే, పని ముగించుకుని రోటి దగ్గర నుంచి లేచేటప్పుడు తనూ అలాగే ఉంటుంది. అలిసిన మొహం ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. పిలుపందుకుని అంత దూరం వచ్చినవాళ్ళని పస్తు పంపడమా? ప్రాణం ఒప్పలేదు. అప్పుడు లోపలికి పోయి, బెల్లంముక్క నీళ్ళలో కరిగించి, వెడల్పాటి మూకుట్లో పోసి, మునిగిపోకుండా ఎండుపుల్లలు వేసి, పొద కింద పెట్టింది. ఈగలు పుల్లల మీద వాలి తాగాయి.

ఆ తర్వాత తుమ్మెద కాస్త మెత్తబడింది. "బెల్లం ఎన్నాళ్ళని పెడతావమ్మా? ఈ పొదని పూయనీ. ఇది పూస్తే వీళ్ళంతా ఇక్కడే ఉండిపోతారు. ఇక్కడుంటే నీ గుమ్మడిపువ్వు మీదా వాలతారు, దోసపువ్వు మీదా వాలతారు. మేము పువ్వు పువ్వుకీ తిరిగితే గదా పిందె నిలబడేది! ఇదివరకు మావాళ్ళు ఇంకా ఉండేవారు, పువ్వు లేక ఒక్కొక్కరే అడవికి పోయారు. నేనొక్కదాన్ని ఎన్నింటి మీద వాలను? అదీ అడవి నుంచి వచ్చాక, ఒంట్లో ఓపిక లేక" అంది.

మంగతాయారు అక్కడే కూలబడింది. ఎరువు మోసిన నడుము, బూడిద చల్లిన చెయ్యి, చెప్పు కట్టిన పందిరి అన్నీ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ తర్వాత లేచి, పందిరికున్న చెప్పు విప్పి అవతల పారేసింది. "సరే. ఇది పూసేదాకా దీని ఆకు ఎవ్వరికీ ఇవ్వను. మీరు నమ్మి ఉండండి" అని మాటిచ్చింది. మాట ఇవ్వడం సులువే, నిలుపుకోవడమే కష్టం. ఆవిడ జన్మలో ఎవరికీ "ఇవ్వను" అన్నది లేదు మరి!

నిద్రపోయావా? లేదా? సరే.

చైత్రం వచ్చింది. గోరింట చిగురు వేసింది. ఆకుపచ్చగా, మెత్తగా, చూస్తే కోయాలనిపించేలా వేసింది. చిగురు కనపడగానే బుట్టలు బయల్దేరాయి.

మొదట మునసబుగారి భార్య రత్తమాంబ వచ్చింది. ఆవిడ అడగనైనా అడగలేదు. ఇంట్లో మనవరాలి బారసాల ముచ్చట్లు చెప్తూనే తడిక పైనుంచి చెయ్యి పోనిచ్చి దూసుకుంటోంది. "అది కాదండీ... ఈసారి..." అని మంగతాయారు నసిగింది. నసుగుడు పూర్తయ్యేలోపు బుట్ట నిండింది. "నువ్వే రుబ్బి పంపవే, నీ చేతి మహిమ" అని బుట్ట అక్కడే పెట్టి రత్తమాంబ వెళ్ళిపోయింది. మంగతాయారు రుబ్బింది. రుబ్బుతూ ఒక్కసారి కూడా తలెత్తలేదు. వీధి వైపు పొదంతా బోసిపోయింది. తుమ్మెద కన్నంలో అటు తిరిగి పడుకుంది. ఈగల్లో సగం తిరిగి అడవికి పోయాయి. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ వచ్చింది. వాళ్ళ కోడలికి సీమంతం. ఈసారి మంగతాయారు ముందే వెళ్ళి తడికకి అడ్డంగా నిలబడింది. నిండుకుంది అందామంటే అబద్ధం, పొద నిండా ఆకుంది. పైగా ఆ మాటంటే చూరులోది మళ్ళీ ఏమనుకుంటుందో! "లేదు" అంది. గొంతులోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

అచ్చియ్యమ్మ ముక్కున వేలేసుకుంది. "కళ్ళెదురుగా ఇంతాకు పెట్టుకుని లేదంటావా? శుభమా అని సీమంతం చేసుకుంటుంటే లేదంటావా?" అని కేకలేసి వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఊరంతా చాటింది. మంగతాయారుకి పొగరెక్కిందన్నారు కొందరు. ఒంటరిగా ఉండి ఉండి మతిపోయిందన్నారు కొందరు. నూతి దగ్గర ఆవిడ బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. ఎంత కష్టమనిపించి ఉంటుందో చూడు, అంతమందికి రుబ్బి పెట్టిన మనిషికి.

కానీ బంగారం, ఒక సంగతి చెప్పనా? ఎవరూ రాకపోయేసరికి రోలు ఆరిపోయి ఉంది. మధ్యాహ్నం చేసే పనేం లేదు. ఆవిడ గుమ్మంలో కొంగు పరుచుకుని నడుం వాల్చింది. కళ్ళు మూసుకుంటే ఏడుపూ వచ్చింది, వెనకే నిద్రా వచ్చింది. పగటిపూట పడుకోవడం ఎన్నేళ్ళకో! లేచేసరికి గోరింట కొమ్మల చివర నువ్వుగింజలంత మొగ్గలు కనపడ్డాయి.

ఆ తర్వాత నూకాలు వచ్చింది.

నూకాలు అదే వీధి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి గోనెలు కుట్టుకునే మనిషి, మంచివాడు గానీ ఆడపిల్ల జడ వెయ్యడం కూడా రాదు. ఆ పిల్లకి జడ వేసింది మంగతాయారే. ఊహ తెలియకముందు నుంచి ఆ చేతులకి గోరింటాకు పెట్టిందీ, పెట్టి ముద్దలు తినిపించిందీ మంగతాయారే. ఆ నూకాలుకి పెళ్ళి కుదిరింది. బుట్ట కూడా తేలేదు. ఒట్టి చేతులు చాపి, సిగ్గుపడుతూ నిలబడింది. "పిన్నీ, రేపే. ఎప్పుడు పెడతావు?" అంది.

ఒక పక్క మొగ్గలు, ఇవాళో రేపో విచ్చుకునేలా ఉన్నాయి. మిగిలిన ఈగలు ఆ మొగ్గల్నే చూస్తూ కూర్చున్నాయి. గుప్పెడు దూసినా మాట తప్పినట్టే, ఉన్న ఈగలూ అడవికి పోతాయి. దూస్తే ఇక ఈ ఏడు పూత లేదు, పూత లేకపోతే పాదు లేదు, పాదు లేకపోతే ఇల్లు లేదు. ఇంకో పక్క ఆ చేతులు. ఈ పిల్లకి "లేదు" అనలేకపోయింది. దగ్గర కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పింది. తుమ్మెద సంగతి చెప్పింది, మాటిచ్చిన సంగతి చెప్పింది, ఇల్లు వదిలిపోవాల్సి వస్తుందనీ చెప్పింది. "ఊళ్ళో ఇంకో పొద ఉంటే నేనే పోయి అడుక్కుని తెచ్చేదాన్నే తల్లీ. అన్నిట్నీ దూసేశారు. నా పొద మాత్రం ఇవ్వలేనే" అంది.

నూకాలు చిన్నపిల్ల. తుమ్మెద మాట్లాడిందంటే నమ్మాలో వద్దో ఆ పిల్లకి తెలీలేదు. మనసులో ఉన్నదొక్కటే, తన పెళ్ళికి తన చేతులు బోసిగా ఉంటాయని. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "ఊరందరికీ పెట్టావు పిన్నీ. నాకే లేకపోయిందా?" అని లేచి వెళ్ళిపోయింది. పిలిచినా వెనక్కి చూడలేదు.

పెళ్ళికి మంగతాయారు వెళ్ళింది. ముందు వరసలో కూర్చోడానికి మొహం చెల్లలేదు. వెనకాల వంటల దగ్గర నిలబడి, చెప్పిన పనీ చెప్పని పనీ చేసింది. పెళ్ళికూతురు జీలకర్ర బెల్లం పట్టుకుని చెయ్యెత్తింది. ఒట్టి పసుపు రాసిన చెయ్యి, గోరింట లేని చెయ్యి. అందరూ ఆ చేతినే చూశారు. ఆ తర్వాత అందరూ మంగతాయారుని చూశారు. ఆవిడ అక్షింతలు వెనక నుంచే వేసింది. పెళ్ళికూతురి దాకా పడ్డాయో లేదో.

పెళ్ళి నుంచి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వస్తోంది. వీధి మలుపు తిరగ్గానే వాసన తగిలింది. ఎన్నడూ ఎరగని వాసన. దగ్గరికొచ్చి చూస్తే గోరింట పూసింది. పోయిన కొమ్మ పోగా మిగిలిన కొమ్మంతా పూసింది. బియ్యం ఎగజల్లినట్టు గుత్తులు గుత్తులుగా పూసింది. తుమ్మెద దాని మీద పడి దొర్లుతోంది. ఈగలు జుమ్మంటున్నాయి. అడవికి పోయినవి కూడా ఎవరు చెప్పారో ఏమో వెనక్కి వచ్చేశాయి.

మంగతాయారు సంతోషపడాలి కదా. పడదామనే అనుకుంది. కానీ పొద కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మరీ అలిసిపోతే అంతే, సంతోషం కూడా ఏడుపులాగే బయటికి వస్తుంది. పూలు ఆవిడ తల మీద రాలుతుంటే దులుపుకోలేదు.

ఆ తర్వాత జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఈగలు గోరింట మీద నుంచి దోసపువ్వు మీదకి వెళ్ళాయి. దోసపువ్వు మీద నుంచి గుమ్మడిపువ్వు మీదకి వెళ్ళాయి. అక్కడితో ఊరుకున్నాయా? తడిక దాటి ఊళ్ళో ఇళ్ళ మీదకీ వెళ్ళాయి. పిందె తొడిగింది. గోలీకాయంత అయింది. రాలలేదు. బంతంత అయింది. రాలలేదు. బిందెంత అయ్యాక మంగతాయారు దానికింద గడ్డి చుట్టకుదురు పెట్టింది. రత్తమాంబగారి పెంకుటింటి మీద గుమ్మడికాయ కాసింది. అచ్చియ్యమ్మ పాకమీద కూడా కాసింది. ఈగలు ఏ పొద మీద నుంచి వస్తున్నాయో ఊరంతా చూస్తూనే ఉంది. అచ్చియ్యమ్మ తన కాయల్లో పెద్దది చూసి కోయించి పట్టుకొచ్చి, మంగతాయారు అరుగు మీద పెట్టి, "పులుసు పెట్టుకో" అని పోయింది. క్షమించమని అడగడం అందరికీ రాదుగా. నూతి దగ్గర మళ్ళీ బిందెల పక్కన బిందెలు చేరాయి. అన్నగారికి మంగతాయారు దోసకాయలు పంపి, నేను రానులే అన్నయ్యా అని కబురు చేసింది.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నూకాలు చెయ్యి మాత్రం ఆవిడ కళ్ళ ముందు నుంచి పోలేదు. పసుపు రాసిన బోసి చెయ్యి. గుమ్మడికాయ తరిగినా అదే, కుండ దించినా అదే. మిగతావాళ్ళ కోపం పోయింది. ఆ పిల్ల కోపం పోయిందో లేదో తెలీదు. అత్తారింటికి వెళ్ళిపోయిందిగా.

అప్పుడు ఆషాఢం వచ్చింది. ముసురు పట్టింది. గోరింట పూత అయిపోయి, వాన తాగి, మళ్ళీ గుబురుగా ఆకేసింది. ఆషాఢంలో కొత్తకోడలు అత్తారింట్లో ఉండకూడదు, పుట్టింటికి రావాలి. నీకు తెలుసు కదా, మీ అమ్మ కూడా అలాగే వచ్చింది. ఊళ్ళో కొత్తపెళ్ళికూతుళ్ళంతా వచ్చేశారు. ఒకరోజు మంగతాయారు తడిక దగ్గర ఎవరో నిలబడ్డారు. చూస్తే నూకాలు. చంకలో బట్టల మూట. కొంగు తడిసిపోయింది.

"నాకు నీ మీద కోపం పోలేదు పిన్నీ" అంది వస్తూనే. "కానీ ఆషాఢం వచ్చేసింది. నాన్న ఉన్నాడు గానీ, పుట్టిల్లంటే ఇంకెక్కడికి పోను?"

మంగతాయారు ఆ పిల్లని లోపలికి లాక్కొచ్చింది. గబగబా తల తుడిచింది, పొడిచీర ఇచ్చింది. ఆ తర్వాత వానలోనే పరిగెత్తి చెంగునిండా గోరింటాకు దూసుకొచ్చింది. పెళ్ళికి పెట్టలేకపోయింది, ఇప్పుడైనా ఈ పిల్ల మోచేతుల దాకా పెట్టాలని ఆవిడ ఆత్రం. రోటి ముందు కూర్చుంది. చింతపండు వేసింది, వక్క వేసింది. పొత్రం పట్టుకుంది. పొత్రం తిరగలేదు. మళ్ళీ పట్టుకుంది. భుజం లేవలేదు. అన్నేళ్ళు తిరిగిన చెయ్యి, ఆవిడ ఎంతో కావాలనుకున్న రోజున మొరాయించింది. ఆవిడ సిగ్గుతో తలొంచుకుంది.

నూకాలు వచ్చి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. వేళ్ళు కాయలు కాచి ఉన్నాయి. మరకలు మరకలుగా ఎరుపు. ఒక చందమామ లేదు, ఒక చుక్క లేదు. ఇన్నేళ్ళూ ఈ చేతి కింద తన చెయ్యి పెట్టి కూర్చుంది గానీ, ఈ చేతిని చూడలేదు.

"లే పిన్నీ" అని ఆ పిల్లే రోటి ముందు కూర్చుంది. రుబ్బింది. అంత మెత్తగా రాలేదులే, పలుకులు పలుకులుగా వచ్చింది. ముద్ద తీసి మంగతాయారు అరచేతిలో పెట్టబోయింది.

"నాకెందుకే? ముందు నీకు!"

"నాకు నువ్వు రేపు పెడుదువుగాని. నెలంతా ఇక్కడే ఉంటాగా. చెయ్యి చాపు."

అప్పుడు మంగతాయారు చెయ్యి చాపింది. అరచేతిలో చందమామ పెట్టింది నూకాలు. వంకరగా వచ్చింది. చుట్టూ చుక్కలు పెట్టింది. వేళ్ళకి టోపీలు పెట్టింది. ఆ తర్వాత రెండో చేతికి పెట్టింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం చేతుల్లోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి నడుంలోకి దిగింది.

పొయ్యి మీద పప్పు పొంగింది. మంగతాయారు దిగ్గున లేవబోయింది. "కూర్చో, చెయ్యి చెడిపోతుంది" అంది నూకాలు. తడిక గాలికి కొట్టుకుంది. మళ్ళీ లేవబోయింది. "కూర్చో" అంది. నుదుటి మీద వెంట్రుక పడింది, చెయ్యెత్తబోయింది. నూకాలు నవ్వి, ఆ వెంట్రుక తనే పక్కకి తీసింది. ఇక మంగతాయారుకి చెయ్యడానికేం లేదు. గోడకి ఆనుకుంది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. చేతులకి సెలవిస్తే ఇలా ఉంటుందా అనుకుంది.

ఆ తర్వాత నూకాలు వేడన్నంలో దోసకాయ పప్పు కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. మంగతాయారు నోరు తెరిచింది. నమలడానికి చాలాసేపు పట్టింది. ఏడుపు అడ్డం వస్తే అన్నం త్వరగా దిగదు. ఒక ముద్ద, ఇంకో ముద్ద. బయట వాన పడుతోంది.

"ఇంకో ముద్ద పెట్టనా పిన్నీ?"

"వద్దే తల్లీ" అంది మంగతాయారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిండుకుంది."

చూరు వాసంలో తుమ్మెద ఆ మాట విన్నది. ఒక్క క్షణం ఉలిక్కిపడి, తల బయటికి పెట్టి, కిందికి చూసింది. గోడకి ఆనుకుని ఆవిడ నిద్రపోతోంది. ఎర్రటి చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి. పక్కన పిల్ల, ఆవిడ మీద దోమలు వాలకుండా కొంగుతో విసురుతోంది. ఈసారి ఆ మాట నిజంగా నిండి అన్నదేనని తుమ్మెదకి అర్థమైంది. తల లోపలికి లాక్కుని అది కూడా పడుకుంది.

కథేమో కంచికి పోయింది,
తుమ్మెద వాసంలో దూరింది,
గోరింట చేతుల్లో పండింది,
నిద్రొచ్చి నీ కళ్ళ నిండింది.

కంచి దాకా మనం పోలేదులే బంగారం, మన ఇంట్లోనే ఉన్నాం. పడుకో.